ఎవరినీ నమ్మని ఆఫీసు

మా సంస్థ పని చేతిపంపులు చూసుకోవడం. పూర్తి పేరు రాష్ట్ర చేతిపంపుల పర్యవేక్షణ సంస్థ. ఇలాంటిదొకటి నిజంగా ఉందా అని మీకు అనుమానం రావచ్చు. ఏళ్ల తరబడి అందులో జీతం తీసుకుంటున్న నాకే అప్పుడప్పుడు వస్తుంది. పంపు హ్యాండిల్ ఊడితే బిగించడం, వాషరు అరిగితే మార్చడం, నీళ్లు రాకపోతే ఎందుకు రావడం లేదో కాగితం మీద వివరించడం మా విధులు. చేతిపంపుకు కరెంటు అక్కర్లేదు, వైరు అక్కర్లేదు, కొట్టే చెయ్యి ఒకటి ఉంటే చాలు. అందుకే కాబోలు, దాన్ని సైబర్ దాడుల నుంచి కాపాడాలన్న ఆలోచన ఇన్నాళ్లూ ఎవరికీ రాలేదు.

పోయిన వేసవిలో వచ్చింది. మా ఎండీ గారు ఏదో పెద్ద హోటల్లో జరిగిన సదస్సుకు వెళ్లారు. భోజనానికీ టీకీ మధ్య అక్కడెవరో నెట్‌వర్క్ భద్రత మీద ఉపన్యాసం ఇచ్చారట. ఆయన తిరిగి వచ్చాక సర్క్యులరు బయల్దేరింది. సంస్థలోని ప్రతి ఉద్యోగీ, అటెండరు మొదలుకొని జిల్లా మేనేజరు దాకా, నెట్‌వర్క్ భద్రతలోనూ కొత్త తరం ఇంటర్నెట్ ప్రోటోకాల్‌లోనూ శిక్షణ పొందవలెను అని అందులో ఉంది.

సరిగ్గా ఆ రోజే నా బదిలీ ఉత్తర్వు కూడా వచ్చింది.

ఆ ఉత్తర్వు కోసం నేను ఎన్ని గడపలు తొక్కానో చెప్పాలంటే అదే ఇంకో కథ అవుతుంది. నా మొదటి పోస్టింగు శ్రీకాకుళం వైపు. అక్కడే సునందను చూశాను, ఇష్టపడ్డాను, పెళ్లి చేసుకున్నాను. ఆమె సోంపేటలో ప్రభుత్వ బడి టీచరు. మా శుభలేఖ ఇంకా ఆఫీసు నోటీసు బోర్డు మీద ఉండగానే నన్ను ఒంగోలుకు బదిలీ చేశారు. ఆవిడ ఆ చివర, నేను ఈ చివర, మధ్యలో కోస్తా అంతా. మా పాప ధాత్రికి నాలుగో ఏడు నడుస్తోంది. పోయినేడాది చవితికి వెళ్లి చూడటమే, తర్వాత సెలవు దొరకలేదు. రోజూ సాయంత్రం ఫోన్లో కనిపిస్తాను, కబుర్లు చెబుతాను, అంతటితో నా తండ్రితనం అయిపోతుంది. ఇప్పుడు భార్యాభర్తల కోటాలో సోంపేట ఉప కార్యాలయానికి వేశారు. నెలాఖరులోగా చేరాలి. చేరకపోతే ఉత్తర్వు చెల్లదు, ఆ తర్వాత బదిలీల మీద నిషేధం.

ఉత్తర్వు పట్టుకుని జిల్లా మేనేజరు వైకుంఠరావు గారి గదిలోకి దాదాపు పరుగెత్తాను. వైకుంఠరావు గారు చాలా మంచి మనిషి. అదే ఆయనతో వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే ధర్నా చెయ్యొచ్చు.

"చాలా సంతోషం మాల్యాద్రీ. పెళ్లాం బిడ్డల దగ్గరికి పోతన్నావు. నిన్ను ఆపితే నాకు పాపం తగులుద్ది," అన్నారాయన.

నేను రెండు చేతులూ ఎత్తి దండం పెట్టబోయాను.

"కాకపోతే," అన్నారు.

ఈ ఉద్యోగంలో ఎవరైనా ఆ మాట అనే దాకా సంతోషించకూడదని నాకు అప్పటికే తెలిసుండాల్సింది. ఆయన సర్క్యులరు తీసి, కళ్లజోడు సర్దుకుని, ఒక పేరా గట్టిగా చదివారు. "శిక్షణ పూర్తి చేయని సిబ్బందిని ఏ కారణము చేతనైనను ప్రస్తుత స్థానము నుండి విడుదల చేయరాదు."

"ఎన్ని రోజులు సార్ శిక్షణ?"

"నెలంతా."

"నెలాఖరుకి నేనక్కడ చేరాలి సార్!"

"నెలాఖరుకి ఇదీ అయిపోద్దిగా. సర్టిఫికెట్టు తీసుకో, సాయంత్రం బండెక్కు, తెల్లారేసరికి నీ కూతురి ముందుంటావు. ఇంత చక్కగా సరిపోయిందేందయ్యా!" అని ఆయన నాకంటే ఎక్కువ సంబరపడ్డారు.

శిక్షణ ఇవ్వడానికి హైదరాబాదు నుంచి ఫణీంద్ర అనే కుర్ర నిపుణుడు వచ్చాడు. నల్ల టీషర్టు వేసుకుని, మెడలో నాలుగైదు కార్డులు తగిలించుకుని, మమ్మల్నందరినీ "గైస్" అని పిలిచేవాడు. వచ్చే ఏడు రిటైరయ్యే వైకుంఠరావు గారు కూడా గైసే. ఆయనకది బాగా నచ్చింది, రెండో రోజు నుంచి చొక్కా టక్ చేసుకుని రావడం మొదలెట్టారు.

"పాత ఇంటర్నెట్ అడ్రసులు అయిపోయాయి గైస్," అన్నాడు ఫణీంద్ర మొదటి క్లాసులో. "అది వెర్షన్ ఫోర్. ఇప్పుడు కొత్తది, వెర్షన్ సిక్స్. ఇందులో అడ్రసులకు కొదవ లేదు. ప్రపంచంలోని ప్రతి ఇసుక రేణువుకూ ఒకటి ఇచ్చినా ఇంకా బోలెడు మిగులుతాయి."

వైకుంఠరావు గారు చెయ్యెత్తారు. "నాలుగు తర్వాత ఆరెట్టా వచ్చింది? ఐదేమైంది?"

ఫణీంద్ర ఏదో చెప్పబోయి, అది ప్రయోగాల దశలోనే ఆగిపోయిందనీ వాడుకలోకి రాలేదనీ నసిగాడు. సార్‌కు ఆ జవాబు రుచించలేదు. మధ్యలోంచి ఒక అంకె మాయమైతే ఊరుకోవడానికి ఇదేమన్నా చిల్లర కొట్టా? ఆ మధ్యాహ్నమే హెడ్డాఫీసుకు ఉత్తరం వెళ్లింది. "ఐదవ వెర్షను అదృశ్యమైన విషయమై బాధ్యులను గుర్తించి, తగు చర్య నిమిత్తము వివరములు పంపగోరుచున్నాను." అక్కడి నుంచి విషయం పరిశీలనలో ఉన్నదని జవాబు వచ్చింది. అంటే హెడ్డాఫీసులో కూడా ఐదు కనిపించడం లేదన్నమాట.

రెండో పాఠం నమ్మకం గురించి.

"జీరో ట్రస్ట్. ఎవరినీ నమ్మకూడదు గైస్. బయటివాళ్లనే కాదు, లోపలివాళ్లను కూడా. పొద్దున ఒకసారి చెక్ చేశాం కదా అని సాయంత్రం వదిలెయ్యకూడదు. వచ్చిన ప్రతిసారీ, అడిగిన ప్రతిసారీ, నువ్వెవరు అని అడగాలి. తనకు తెలిసిన సంగతి ఒకటి చెప్పాలి, తన దగ్గరున్న వస్తువు ఒకటి చూపించాలి. అప్పుడే లోపలికి."

"ఇది మా ఆడది ఎప్పటినుంచో చేస్తంది సార్," అన్నాడు అటెండరు బ్రహ్మయ్య వెనక బెంచీ నుంచి.

అందరూ నవ్వారు. వైకుంఠరావు గారు మాత్రం నవ్వలేదు. ఆయన మొహంలో ఏదో వెలుగు కనిపించింది. అధికారి మొహంలో వెలుగు కనిపిస్తే కిందివాళ్లు దీపాలు ఆర్పుకుని పడుకోవడం మంచిది, కానీ మేం క్లాసులో ఉన్నాం.

"ఇంతకీ సార్, మీ డిజిటల్ కీ ఎక్కడుంది?" అని అడిగాడు ఫణీంద్ర.

"రమీజా దగ్గర," అన్నారు సార్, పెన్ను ఎక్కడుందంటే జేబులో అన్నంత మామూలుగా.

ఈ కీ అంటే బొటనవేలంత వస్తువు. కంప్యూటర్‌కి గుచ్చి పిన్ను కొడితే అధికారి సంతకం పడుతుంది. అది అధికారి దగ్గరే ఉండాలి, పిన్ను ఆయనకు మాత్రమే తెలియాలి. మా ఆఫీసులో అది కంప్యూటర్ ఆపరేటర్ రమీజా టిఫిన్ బ్యాగు పక్క జేబులో ఉండేది. పిన్ను ఆమె మానిటరు అంచు మీద స్కెచ్ పెన్నుతో రాసి ఉండేది, సెలవు పెడితే పక్కవాళ్లకు ఇబ్బంది కాకూడదని. ఫైలు తయారవగానే సార్ తన గదిలోంచి "పెట్టెయ్యమ్మా!" అని కేకేసేవారు. "పెట్టేశా సార్!" అని ఆమె కేకేసేది. జిల్లా పరిపాలన అంతా ఆ రెండు కేకల మీద నడిచేది. నీళ్లూ వస్తుండేవి.

ఫణీంద్ర మంచినీళ్లు తాగాడు. "అంటే ఈ మేడమ్ మీ పేరుతో ఏ సంతకమైనా పెట్టెయ్యొచ్చు కదా సార్!"

"పెట్టెయ్యొచ్చు ఏందయ్యా, పెడతానే ఉందిగా. నేను పెట్టింది ఒక్కటీ లేదు."

"నాకేమన్నా సరదానా?" అంది రమీజా చటుక్కున లేచి. "మీ సంతకాలు పెట్టీపెట్టీ నా సంతకం మర్చిపోయా. ఇదిగో, తీసుకోండి, నాకు పీడ విరగడైంది."

కీ చేతులు మారింది. వైకుంఠరావు గారు దాన్ని కళ్లకద్దుకుని చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నారు. ఎవరూ ఊహించలేని పిన్ను పెట్టుకోమని ఫణీంద్ర చెప్పాడు. సార్ తలుపు మూసుకుని, చాలాసేపు ఆలోచించి పెట్టారు. మర్నాటికి ఆయన కూడా ఊహించలేకపోయారు. తప్పు పిన్ను కొట్టీకొట్టీ కీ బిగుసుకుపోయింది. దాన్ని విడిపించాలంటే హెడ్డాఫీసుకు విజ్ఞప్తి పంపాలి. ఆ విజ్ఞప్తి మీద డిజిటల్ సంతకం ఉండాలి. ఆ సంతకం పెట్టాల్సింది ఆ కీతోనే.

"చూశారా గైస్, ఎంత పటిష్ఠంగా ఉందో!" అన్నారు వైకుంఠరావు గారు.

నా రిలీవింగ్ ఉత్తర్వు మీద పడాల్సిన సంతకం కూడా అందులోనే ఉండిపోయిందని ఆయనకు గుర్తు చేశాను. "కంగారుపడబాక, నెలాఖరుకి ఇంకా టైముంది గదా," అన్నారు.

ఇక ఆఫీసులో ఎవరూ ఎవరినీ నమ్మకూడదని కార్యాలయ ఉత్తర్వు వెలువడింది. గుమ్మం దగ్గర బ్రహ్మయ్యను నియమించారు. గుమ్మం దాటి బయటికి వెళ్లినవాడు తిరిగి వచ్చేటప్పుడు కొత్తవాడి కింద లెక్క. గుర్తింపు కార్డు చూపించాలి, ఆ రోజు రహస్య పదం చెప్పాలి. టీకి వెళ్లొచ్చినా చెప్పాలి, బాత్రూంకి వెళ్లొచ్చినా చెప్పాలి. దాంతో టీ మానేసినవాళ్లున్నారు. రెండోది మానెయ్యడం కుదరక వరండాలో క్యూ కట్టేవాళ్లు. బ్రహ్మయ్య ఉద్యోగ జీవితంలో అవే స్వర్ణదినాలు. పాతికేళ్లుగా తనని ఒరే అంటున్నవాళ్లను నిలబెట్టి "తమరెవరు?" అని అడిగే భాగ్యం ఎంతమందికి దక్కుతుంది?

ఒకరోజు వైకుంఠరావు గారే వరండాలోకొచ్చి ఫోన్ మాట్లాడి వెనక్కి తిరిగారు. బ్రహ్మయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"సార్, తమరెవరో రుజువు చేసుకోవాల."

"శభాష్!" అన్నారు సార్, కళ్లు చెమర్చి. "నన్ను కూడా నమ్మలేదు చూశావా మాల్యాద్రీ. ఇదీ శిక్షణ అంటే!" కార్డు చూపించారు. రహస్య పదం గుర్తు రాలేదు. ఆ పదం నిర్ణయించింది ఆయనే. చేసేది లేక బయట అర్జీదారుల బెంచీ మీద కూర్చున్నారు. మధ్యాహ్నం దాకా జనం తమ గోడంతా ఆయనకు చెప్పుకున్నారు. కొండపి నుంచి వచ్చిన ఒక పెద్దాయన, ఈ ఆఫీసు చుట్టూ ఇన్నేళ్లు తిరిగితే ఇవాళ్టికి మేనేజరు దొరికాడని పొంగిపోయాడు. కానీ ఏం లాభం, సార్ అప్పటికి గుర్తింపు లేని వ్యక్తి. అర్జీ తీసుకునే అధికారం ఆయనకు లేదు.

తర్వాత వంతు పంపులది. అడ్రసులు ఇసుక రేణువుకే ఇవ్వగలిగినప్పుడు చేతిపంపుకు ఇవ్వకపోవడం వివక్ష కాదా అని హెడ్డాఫీసు ప్రశ్నించింది. జిల్లాలోని ప్రతి పంపుకూ వెర్షన్ సిక్స్ అడ్రసు కేటాయించారు. ఆ అడ్రసు అంకెలూ అక్షరాలూ చుక్కలూ కలిసి బారెడుంటుంది. పెయింటరు దాన్ని పంపు నడుం చుట్టూ రాయడం మొదలెడితే చోటు చాలక, పంపు మెడ చుట్టూ తిప్పి, హ్యాండిల్ మీదకు ఎక్కించి, మిగిలింది కింద సిమెంటు దిమ్మె మీద రాసి వచ్చాడు. అడ్రసు చెప్పనిదే ఫిర్యాదు తీసుకోకూడదని ఉత్తర్వు.

ఆదెమ్మ అని ఒకామె వచ్చింది. పాపం, బస్సు దిగి ఎండలో నడిచొచ్చి చెమటలు కక్కుతోంది.

"బడికాడ పంపు చెయ్యి ఊడిపోయింది సామీ. పిలకాయలకి నీళ్లు లేవు."

"అడ్రసు చెప్పాలమ్మా," అన్నారు వైకుంఠరావు గారు.

"బడికాడ."

"అది కాదు. పంపు మీద రాసుండేది."

"రాసిందంతా చదవతా కూచుంటే నీళ్లెప్పుడు పట్టుకోవాల సామీ? సగం చెయ్యి మీద రాశారు. ఆ చెయ్యే ఊడిపోయిందని గదా నేను చెప్పేది!"

సార్ కళ్లు మూసుకుని ఆలోచించి తీర్పు చెప్పారు. "పూర్తి అడ్రసు లేని పరికరము నెట్‌వర్కులో లేనట్టే లెక్క. లేని పంపు చెడిపోవడానికి వీల్లేదమ్మా. కనుక నీ ఫిర్యాదు పరిష్కరించడమైనది."

ఆదెమ్మ నా వైపు చూసింది. ఒళ్లు మండిపోయింది నాకు. వరండాలోకొచ్చి ఆ మండలం మెకానిక్‌కు ఫోన్ చేసి, పోయి బిగించి రారా నాయనా అన్నాను. వాడూ శిక్షణకు వచ్చినవాడే. "అన్నా, నువ్వు నువ్వేనని గ్యారంటీ ఏంది?" అన్నాడు. నేను వాడికి తెలిసిన భాషలో ఒక తిట్టు తిట్టాను. "ఆ, నువ్వే," అని వెళ్లి బిగించాడు. ఆ నెలంతటిలో మా సంస్థ బాగు చేసిన పంపు అదొక్కటే, అదీ నిబంధనలకు విరుద్ధంగా.

పరీక్ష పెట్టారు. నేను చదివాను. ఇంటర్లో కూడా అలా చదవలేదు. పొద్దున పళ్లు తోముకుంటూ ప్రోటోకాళ్లు, అన్నం తింటూ ఫైర్‌వాళ్లు. చదివేది ఇంటర్నెట్ గురించే అయినా నా కళ్ల ముందు కనిపించేది ధాత్రి మొహమే. ఫలితాలొచ్చాయి. రాష్ట్రం మొత్తం మీద నేనే ఫస్టు. సర్టిఫికెట్టు చేత్తో పట్టుకుని, పెట్టె సర్దుకుని, సార్ గదిలోకి వెళ్లాను.

ఆయన లేచి నిలబడి నన్ను కౌగిలించుకున్నారు. అప్పుడే నా మనసు కీడు శంకించింది.

"మాల్యాద్రీ, నిన్ను మన జిల్లా నెట్‌వర్క్ భద్రతాధికారిగా నియమిస్తూ హెడ్డాఫీసు నుంచి వచ్చింది!"

"నా రిలీవింగ్ సార్?"

"నిన్నెట్టా వదులుతామయ్యా? శిక్షణ పొందింది నువ్వొక్కడివి. మిగతావాళ్లంతా తప్పారు. నేను కూడా."

"శిక్షణ పొందితే వదులుతామన్నారుగా సార్!"

"శిక్షణ పొందనివాణ్ని వదలకూడదని రూలు. పొందినవాణ్ని వదులుకోకూడదని ఇంగితం. నువ్వు చదువుకున్నవాడివి, నీకు నేను చెప్పాలా?"

ఆ సాయంత్రం సునందకు ఫోన్ చేశాను.

"అయితే ఈ నెలాకరికీ రానట్టేనేటండీ?" అంది. "పాప మంచం మీద మీకు జాగా వొదిలి పడుకుంటంది. నానొస్తాడు, జరగమ్మా అని నన్ను గోడకి తోసేస్తంది. ఏటి చెప్పమంటారు దానికి?"

నాకు ఏడుపొచ్చింది. సిగ్గేముంది చెప్పుకోవడానికి, ఏడ్చాను. ప్రపంచంలోని ఇసుక రేణువులన్నిటికీ అడ్రసు ఇవ్వగలిగిన వ్యవస్థలో నేను ఒక్క ఊరికి చేరలేకపోతున్నాను.

ఇంతలో హెడ్డాఫీసు అభినందన పత్రం వచ్చింది. రాష్ట్రంలోకెల్లా అత్యంత సురక్షిత కార్యాలయం మాదేనట. గత కొన్ని వారాలుగా మా ఆఫీసు నుంచి ఒక్క ఫైలు గానీ, ఒక్క ఉత్తరం గానీ, ఒక్క అక్షరం గానీ బయటికి పోలేదనీ, ఇంత కట్టుదిట్టమైన భద్రత మరెక్కడా చూడలేదనీ ఎండీ గారు స్వయంగా రాశారు. మిగతా జిల్లాలు కూడా మా పద్ధతిని అనుసరించాలట. వైకుంఠరావు గారు దాన్ని ఫ్రేము కట్టించారు. మేకు కొట్టాల్సిన మనిషికి రహస్య పదం తెలియక అది వరండాలోనే గోడకు ఆనించి ఉంది.

పరీక్ష అయిపోయినా మిగిలిన చివరి క్లాసు చెప్పడానికి ఫణీంద్ర వచ్చాడు. "అసలు ప్రమాదం బయటినుంచి రాదు గైస్. లోపలినుంచి వస్తుంది. దాన్ని ఇన్‌సైడర్ థ్రెట్ అంటాం. వాడెలా ఉంటాడు? ఆఫీసు గుట్టంతా తెలిసినవాడై ఉంటాడు. అసంతృప్తిగా ఉంటాడు. ఎప్పుడు బయటపడదామా అని చూస్తుంటాడు."

హాల్లో ఒక్కొక్క తలా నా వైపు తిరిగింది. బ్రహ్మయ్య అయితే తన కుర్చీని కొంచెం పక్కకు జరుపుకున్నాడు.

"అలాంటివాడు దొరికితే ఏం చెయ్యాలి?" అడిగారు వైకుంఠరావు గారు.

"వైరస్ పట్టిన కంప్యూటర్‌ని ఏం చేస్తాం సార్? ఒక్క క్షణం ఆలస్యం చెయ్యకుండా నెట్‌వర్క్ నుంచి తీసేసి దూరంగా పెడతాం."

మొదట నాకు రోషం వచ్చింది. తర్వాత నా బుర్రలో ఏదో తటాలున వెలిగింది. ఆ మధ్యాహ్నమే భద్రతాధికారి హోదాలో మేనేజరు గారికి నివేదిక సమర్పించాను. "ఈ కార్యాలయమునందు తీవ్రమైన అంతర్గత ప్రమాదము ఒకటి ఉన్నట్లు నా దృష్టికి వచ్చినది. సదరు ప్రమాదము పేరు మాల్యాద్రి, సీనియర్ అసిస్టెంటు. అతనిని నేను చిన్నప్పటి నుండి ఎరుగుదును."

విచారణ సంఘం కూర్చుంది. సార్ అధ్యక్షులు, ఫణీంద్ర నిపుణుడు, రమీజా రాసుకోవడానికి.

"నీకు ఈ ఆఫీసు రహస్యాలన్నీ తెలుసా?" అడిగారు సార్.

"తెలుసు సార్."

"ఒకటి చెప్పు చూద్దాం."

"మన దగ్గర రహస్యాలేమీ లేవని తెలుసు సార్."

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. ఫణీంద్ర మొహం పాలిపోయింది. "ఇది బయటికి పొక్కితే కాంట్రాక్టు పోతుంది సార్," అన్నాడు మెల్లగా.

"అసంతృప్తి?"

"పీకల దాకా ఉంది సార్."

"ఆ మాటకి నేను సాక్ష్యం చెబుతా," అంది రమీజా. "పొద్దున్నే వచ్చి నా టేబుల్ దగ్గర నిలబడి మీ అందర్నీ తిడతాడు. అన్నకి మాంచి మాటలొచ్చు."

సార్ చాలా బాధపడ్డారు. కన్నకొడుకు దొంగతనం చేసి దొరికినట్టు నన్ను చూశారు. తర్వాత గోడ మీద రాష్ట్ర పటం ముందు నిలబడి, నన్ను వేరు చేసి పెట్టదగ్గ చోటు వెతికారు. మా సంస్థ కార్యాలయాల్లో కంప్యూటరు లేనిది, ఇంటర్నెట్ లేనిది, ఇక్కడికి అత్యంత దూరంలో ఉన్నది ఏదని విచారించారు. అలాంటిది ఒక్కటే ఉంది. సోంపేట.

"కానీ సార్, అక్కడికి ఇతనికి ఇప్పటికే బదిలీ ఉంది," అంది రమీజా.

"ఏ బదిలీ? కోరుకున్న బదిలీ! ప్రమాదకరమైన మనిషి కోరిక తీర్చడమేంది?" సార్‌కు నిజంగానే కోపం వచ్చింది. "ఆ ఉత్తర్వు పక్కన పెట్టు. పరిపాలనా కారణాల మీద, శిక్ష కింద, తక్షణం సోంపేటకే పంపుతున్నాం. కనీసం మూడేళ్లు అక్కణ్నుంచి కదలకూడదు."

నేను తల దించుకున్నాను. నవ్వు కనిపించకుండా ఉండాలంటే అదొక్కటే మార్గం.

"సంతకం సార్? కీ పనిచెయ్యదుగా," అంది రమీజా.

వైకుంఠరావు గారు గంభీరంగా ఆలోచించారు. "ఇంత ప్రమాదకరమైన మనిషి ఫైలు కంప్యూటర్లో పెట్టడం క్షేమం కాదు. కాగితం మీద టైపు చెయ్యి. పెన్నుతో పెడతాను." డ్రాయరు అడుగున వెతికి ఆకుపచ్చ ఇంకు పెన్ను తీశారు. విదిలించారు. రాయలేదు. నోటితో ఊదారు, మళ్లీ విదిలించారు, ఫణీంద్ర టీషర్టు మీద రెండు చుక్కలు పడ్డాయి, అప్పుడు రాసింది. ఏళ్ల తర్వాత సొంత చేత్తో సంతకం పెట్టి, దాని వైపు కాసేపు ముచ్చటగా చూసుకున్నారు.

గుమ్మం దాకా వచ్చి నా భుజం తట్టారు. "ఏమనుకోబాక మాల్యాద్రీ. ఉద్యోగధర్మం. పాపను నేనడిగానని చెప్పు." బ్రహ్మయ్య నా పెట్టె రోడ్డు దాకా మోసుకొచ్చాడు. బయటికి పోయేవాణ్ని ఎవరని అడగాలని ఉత్తర్వులో లేదు.

మర్నాటి సాయంత్రం బండికి వస్తానని సునందకు చెప్పాను గానీ ఆగలేక ఆ సాయంత్రం బండే ఎక్కేశాను. సోంపేటలో దిగేసరికి ఆదివారం పొద్దున. ఆటో దిగి, పెట్టె గుమ్మంలో పెట్టి, తలుపు కొట్టాను. లోపల పెరట్లో బట్టలు ఉతుకుతున్న చప్పుడు వినిపిస్తోంది. కిటికీ ఊచల వెనక ఒక చిన్న మొహం కనిపించింది. నెత్తి మీద రెండు పిలకలు, చేతిలో సగం కొరికిన బిస్కెట్టు.

"ఎవులు?" అంది.

"నేనే తల్లీ, నాన్నని! తలుపు తియ్యి."

ధాత్రి నన్ను కిందనుంచి పైదాకా పరిశీలనగా చూసింది. "కాదు," అంది. "మా నాన ఫోన్ల ఉంటాడు."

"ఆ నాన్నే అమ్మా. ఫోన్లోంచి వచ్చేశాను."

దానికి ఆ మాట నచ్చినట్టు లేదు. మొహం మాయమైంది. లోపల స్టూలు జరిగిన చప్పుడైంది. కాసేపటికి నా జేబులో ఫోన్ మోగింది, సునంద నంబరు నుంచి వీడియో కాల్. తీశాను. తెరనిండా దాని నుదురు, ఒక కన్ను కనిపిస్తున్నాయి.

"నానా," అంది గుసగుసగా, నాకు వీపు తిప్పి, కిటికీ పక్కనే నిలబడి. "ఎవులో వచ్చినాడు. నీనాగే ఉన్నాడు. నీ పేరే చెప్తన్నాడు."

రాష్ట్రం మొత్తం మీద ఫస్టు వచ్చినవాణ్ని, ఆ పిల్లకు నేనెవరో రుజువు చెయ్యడానికి నా దగ్గర ఏమీ లేదు.

"అవునా తల్లీ?" అన్నాను ఫోన్లో. "ఏం చేస్తున్నాడు?"

అది ఊచల్లోంచి నన్ను మళ్లీ ఒకసారి చూసింది. "ఏడుస్తన్నాడు నానా. తలుపు తీసీమంటావా?"

"తీసెయ్యమ్మా. మంచివాడే."

గడియ తీయడానికి దానికి చాలాసేపు పట్టింది. తలుపు తెరిచి, పక్కకు జరిగి, నాకు దారిచ్చింది. నేను లోపలికి వెళ్లి చాప మీద కూర్చున్నాను. కొంచెం దూరంలో అది కూడా కూర్చుంది. బిస్కెట్టు తుంచి చిన్న ముక్క నాకిచ్చింది. తర్వాత, ఇంటికొచ్చినవాళ్లకు మర్యాద చెయ్యాలని గుర్తొచ్చిందేమో, చేతిలోని ఫోన్ నాకందించింది.

"మా నాన," అంది. "మాటాడు."